ఫ్రిజ్ లేని ఇంట్లో అన్నం, చేప, మాంసం

ఆహార భద్రత గురించి గోడలకు అంటించే పోస్టర్లన్నీ దాదాపు ఒకే మాట చెప్తాయి. వండినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, పారే కుళాయి కింద చేతులు కడగండి, గడువు తేదీ చూసి కొనండి. అందులో తప్పేమీ లేదు. కానీ విశాఖలో అరిలోవ కొండవాలు మీద ఒంటిగది ఇంట్లోనో, పెదజాలరిపేట సందులోనో, గాజువాకలో ఆరుగురు ఒడియా కూలీలు కలిసి అద్దెకుండే రేకుల గదిలోనో ఇవేవీ కుదరవు. ఫ్రిజ్ ఉండదు. నీళ్ళు బిందెల్లో పట్టి ఉంచుకున్నవే. తెల్లారకముందే వండి క్యారేజీలో సర్దుకున్న అన్నం మధ్యాహ్నం ఒంటిగంటకి తింటారు. ప్యాకెట్టు మీద అచ్చు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది, చదవాల్సినవాడికి వచ్చింది ఒడియానో హిందీనో.

ఇలాంటి పేటల్లో నలుగురికి విరేచనాలు పట్టుకోగానే "శుభ్రత లేదు" అనేస్తారు. ఆ మాట చాలా అన్యాయం. మంచినీళ్ళు మోసి తెచ్చుకునే ఇళ్ళలో గిన్నెలు ఎంత జాగ్రత్తగా కడుగుతారో ఆ పేటలు తెలిసినవాళ్ళకి తెలుసు. అసలు ప్రమాదం వండటానికీ తినటానికీ మధ్య గడిచే గంటల్లోనూ, చవగ్గా దొరుకుతుందని కొనాల్సి వచ్చే సరుకులోనూ ఉంది. ఆ రెండింటికీ ఫ్రిజ్ లేకుండా చెయ్యగలిగినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు అన్నం సంగతి. రేషన్ బియ్యమైనా సన్నబియ్యమైనా బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు వాటిలో ఉంటాయి. ఉడికినా అవి చావవు. అన్నం 60 డిగ్రీల కిందికి దిగి గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మొలిచి పెరిగి, వాంతులు తెప్పించే విషాన్ని వదులుతాయి. ఆ విషం ఒకసారి తయారైందంటే 121 డిగ్రీల దగ్గర గంటన్నర పెట్టినా పోదు. కాబట్టి నిన్నటి అన్నాన్ని ఇవాళ నూనెలో మాడేలా వేయించినా భద్రం కాదు. బండి మీద ఫ్రైడ్‌రైస్ తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలయ్యాయంటే మొదట అనుమానించాల్సింది చికెన్‌ని కాదు, అన్నాన్ని.

పుస్తకాల్లో ఉన్న లెక్క ఇది: వండినది 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో దిగాలి, ఆ తర్వాత నాలుగు గంటల్లో 5కి దిగాలి. విశాఖలో వేసవిలో గది వేడే 30 దాటి ఉంటుంది, ఉక్కపోత సరేసరి. అంటే ఫ్రిజ్ లేకపోతే ఆ లెక్క మొదటి సగం కూడా పూర్తవదు. మిగిలిన దారులు మూడే. వండిన నాలుగు గంటల్లోపు తినెయ్యటం, తినేదాకా బాగా వేడిగా ఉంచటం, లేదా పులియబెట్టటం.

వేడిగా ఉంచాలంటే హాట్‌బాక్సులో ముందు మరుగుతున్న నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచి పారబొయ్యాలి. పొయ్యి మీంచి దించిన అన్నాన్ని వెంటనే అంచుదాకా నింపి మూత బిగించాలి, తినేదాకా తియ్యకూడదు. సగం నింపిన డబ్బా తొందరగా చల్లారి, బాక్టీరియాకి సరిగ్గా నచ్చే వెచ్చదనంలో గంటల తరబడి ఉండిపోతుంది. అలా ఉంచటం కుదరకపోతే పూర్తిగా చల్లార్చి పట్టికెళ్ళి, వండిన నాలుగు గంటల్లోపు తినెయ్యటమే మేలు. గిన్నెలోనే వదిలేస్తే పైన చల్లారినా మధ్యలో ముద్ద చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. వెడల్పాటి పళ్ళెంలో రెండు అంగుళాల మందం మించకుండా పరిచి, ఆ పళ్ళేన్ని నీళ్ళున్న టబ్బులో పెట్టి పైన ఫ్యాన్ తిప్పితే అరగంటలో పని అయిపోతుంది. ఆవిరి పోకముందే మూత పెట్టకండి. పప్పు, కూర వేరే గిన్నెల్లో పెట్టుకోవాలి, పొద్దున్నే కలిపేస్తే రెండూ పాడవుతాయి.

పులిహోర నిలవుండటానికి కారణం చింతపండు. పులుపు పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది, అది 4.6 కంటే తక్కువుంటే ఈ బాక్టీరియాలు చాలావరకు పెరగలేవు. కిలో బియ్యానికి 120 నుంచి 150 గ్రాముల చింతపండు గుజ్జు తీసి నూనెలో దగ్గరపడేదాకా ఉడికించి కలిపితే మధ్యాహ్నం దాటినా బాగుంటుంది. చింతపండు ఖరీదని సగానికి తగ్గించి రంగు కోసం పసుపు పెంచితే అది పచ్చగా కనిపించే మామూలు అన్నమే.

ఉత్తరాంధ్ర ఇళ్ళలో ఫ్రిజ్ కంటే ఎంతో ముందు నుంచీ ఉన్న పద్ధతి తరవాణి, అంటే అన్నాన్ని కుండలో నీళ్ళు పోసి రాత్రంతా పులియబెట్టటం. దీన్ని బీదవాళ్ళ తిండి అని చిన్నచూపు చూడటం వల్ల చాలా ఇళ్ళలో కుండ మాయమైంది. కుండ పోయినా రాత్రి అన్నం మిగలటం మానలేదు, ఇప్పుడది గిన్నెలో మూతపెట్టి పొద్దున తింటున్నారు. ఈ మార్పు మంచిది కాదు. తరవాణిలో లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా పెరిగి, చెడ్డవాటికి చోటు లేకుండా పులుపు పెంచుతుంది. అయితే పద్ధతి తప్పకూడదు. అన్నం చెయ్యి పెట్టగలిగే వేడికి దిగగానే కుండలో వేసి, మరగకాచి చల్లార్చిన నీళ్ళు అన్నం మీద రెండు వేళ్ళ ఎత్తున నిలిచేలా పోసి, నిన్నటి తరవాణి ఒక గరిటెడు కలపాలి. ఆ గరిటెడు పోస్తేనే పులుపు త్వరగా ఎక్కుతుంది. కుతకుతలాడే అన్నం మీద పోస్తే తోడు చచ్చిపోతుంది. మూడు నాలుగు గంటలు గిన్నెలో వదిలేసి ఆనక గుర్తొచ్చి కుండలో వేస్తే ప్రయోజనం లేదు, అప్పటికే విషం తయారై ఉంటే పులుపు దాన్ని తియ్యలేదు. చేత్తో కలపొద్దు, గరిటె వాడండి. పొద్దుటికి నీళ్ళు జిగురుగా సాగినా, మీద గులాబీ రంగో నల్ల బూజో కనిపించినా, పుల్లటి వాసనకు బదులు కుళ్ళు వాసన వచ్చినా మొత్తం పారబొయ్యాలి. వారానికొకసారి కుండని మరిగే నీళ్ళతో కడిగి ఎండలో బోర్లించాలి. చోడంబలికీ (రాగి అంబలికీ) ఇదే వరస. ఏడాదిలోపు పిల్లలకి మాత్రం తాజాగా కాచిన గంజే ఇవ్వండి.

రేషన్ బియ్యం గురించి ఒక మాట. అందులో కొన్ని గింజలు నీళ్ళలో తేలుతుంటే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి తయారుచేసిన బలవర్ధక గింజలు, 100 గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. అవే ఆ బియ్యంలో రక్తం పట్టేవి, పారెయ్యకండి. పురుగు పట్టకుండా గోడౌన్లలో వాడే మాత్రలు తెచ్చి ఇంట్లో బియ్యం డబ్బాలో వెయ్యటం మాత్రం ప్రాణాలకే ముప్పు. తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది, ఒంటిగదిలో పడుకున్న పిల్లలకి తప్పించుకునే చోటుండదు. బాగా ఎండిన వేపాకు, గట్టి మూత ఉన్న రేకు డబ్బా, పాతవి అయ్యాకే కొత్తవి పొయ్యటం చాలు.

ఇక చేప. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారి వేలంలో కొన్న చేపని తట్టల్లో, బేసిన్లలో పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మే ఆడవాళ్ళ దగ్గర సాయంత్రానికి మిగిలింది సగం ధరకి వస్తుంది. పేటల్లో ఎక్కువమంది కొనేది అదే. కానాగంతలు, కవ్వళ్ళు, తూర లాంటి చేపల్లో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువ. చేప చచ్చాక ఐసు లేకుండా వెచ్చగా ఉంటే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా హిస్టమిన్ పోదు. వాసన కూడా పెద్దగా మారకపోవచ్చు. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంటలోపు ముఖం ఎర్రబడి, తలనొప్పి, దురద, గుండె దడ వస్తాయి. అందరూ దాన్ని "చేప పడలేదు" అనుకుని జీవితాంతం ఆ చేప మానేస్తారు. నిజానికి పడనిది చేప కాదు, అది ఎండలో గడిపిన మధ్యాహ్నం.

కాబట్టి సాయంత్రం చవక చేప కొనేటప్పుడు ఈ మూడు రకాల విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. పొద్దుటి నుంచీ ఐసులో ఉందని నమ్మకం లేకపోతే వాటి జోలికి పోకుండా వేరే రకం తీసుకోవటం మేలు. మొప్పలు ఎర్రగా ఉండాలి, గోధుమ రంగుకి తిరిగితే వద్దు. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. కవ్వళ్ళ పొట్ట పగిలి ఉంటే ఒక్కటి కూడా ఏరకండి. అమ్మేవాళ్ళకి లెక్క ఇది: మన వేడిలో కిలో చేపకి కిలో ఐసు. అడుగున ఐసు, చేప, మళ్ళీ ఐసు, కరిగిన నీళ్ళు కిందికి పోయేలా బేసిన్‌కి బెజ్జం, పైన తడి గోనె. కరిగిన నీళ్ళలో నానే చేప ఐసు లేని చేప కంటే బాగున్నట్టు కనిపిస్తుంది గానీ త్వరగా మెత్తబడుతుంది. ఇంత ఐసు కొనటానికి చేతిలో డబ్బులుండవు, నిజమే. అందుకే హార్బర్ దగ్గర చిన్న అమ్మకందార్లకి చవగ్గా ఐసు, నీడ ఇవ్వటం ఊరి ఆరోగ్యం మీద పెట్టే ఖర్చేనని నా అభిప్రాయం. చేపల ఐసు తాగటానికి కాదు. చెరుకురసంలో, నిమ్మసోడాలో ఆ గడ్డే కొట్టి వేస్తున్నారేమో చూసుకోండి.

ఎండు చేపలకి నాలుగైదు కిలోల చేపకి కిలో ఉప్పు పట్టించి, ఇసుక మీద కాకుండా కర్రల తట్టు మీదో వల మీదో ఆరబెట్టాలి. ఇసుకలో కుక్కల, పక్షుల మలం ఉంటుంది, కింది నుంచి గాలి కూడా ఆడదు. ఈగలు వాలకుండా పురుగుమందు చల్లే అలవాటు ఎక్కడున్నా ఆపించాలి, ఎంత కడిగినా అది పూర్తిగా పోదు. మీద ఈగే వాలని ఎండు చేపల కుప్ప కనిపిస్తే కొనకండి. ఉప్పు చేప మీద గులాబీ మచ్చలు వస్తే అది ఉప్పులోనే బతికే బాక్టీరియా పని, అలాంటివీ వద్దు.

మాంసానికి వద్దాం. వన్‌టౌన్‌లో బక్రీద్ నాడు పొద్దున నమాజు అయ్యాక మొదలైన కోత మధ్యాహ్నం దాకా నడుస్తుంది. బంధువులకీ బీదలకీ పంచే వాటాలు ప్లాస్టిక్ కవర్లలో మూటకట్టి ఇళ్ళకి చేరతాయి. ఫ్రిజ్ లేని ఇంటికి ఒకేసారి నాలుగైదు కవర్లు వస్తే ఏం చెయ్యాలి? కవరు విప్పటం మొదటి పని. అప్పుడే కోసిన మాంసంలో వేడి అలాగే ఉంటుంది, మూట కడితే లోపలే ఉడుకుతుంది. పళ్ళెంలో పలచగా పరచండి. పేగులు, కాలేయం వేరుచేసి ఆ పూటే వండెయ్యండి. మిగతాది నీళ్ళు, ఉప్పు, పసుపుతో పూర్తిగా ఉడికించి, నీరంతా ఇగిరేదాకా దాని కొవ్వులోనే వేయించి ఉంచుకోవచ్చు. అలా ఉంచినదాన్ని పొద్దునా సాయంత్రం రెండుపూటలా అడుగు దాకా బుడగలొచ్చేలా మరిగించి, వెంటనే వెడల్పు గిన్నెలో చల్లార్చాలి. ఒక్కపూట మానినా ఆపైన తినొద్దు. ఒరుగులు పెట్టాలంటే సెంటీమీటరు కంటే పలుచగా చీల్చి, కిలోకి 50 గ్రాములకు తగ్గకుండా ఉప్పు, రెండు చెంచాల పసుపు పట్టించి తీగ మీద వేలాడదియ్యాలి. సముద్రపు గాలి తేమ వల్ల ఇక్కడ రాయలసీమలో ఎండినంత తొందరగా ఎండవు. మొదటిరోజు సాయంత్రానికి పైన గట్టిపడకపోతే ఆశ వదిలి వండెయ్యండి.

చిన్న మాంసం కొట్లని ఎప్పుడూ మురికి కొట్లంటూ వేలెత్తి చూపిస్తారు. నీటి కనెక్షన్, మురుగు పోయే దారి, దగ్గర్లో పనిచేసే కబేళా ఇవ్వకుండా కొట్టువాడి మతాన్నో కులాన్నో చూసి మాట్లాడటం వల్ల ఎవరి తిండీ బాగుపడదు. ఆ కొట్లోనే పచ్చి మాంసం కోసే మొద్దు వేరు, కడుపు భాగాలు కోసే మొద్దు వేరుగా పెట్టి, సాయంత్రం గీకి, ఉప్పు రాసి ఆరబెడితే చాలా తేడా వస్తుంది.

పెద్ద గుండిగల బిర్యానీ, పప్పు, మాంసం కూర మరో రకం ప్రమాదం. క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ బీజాలు ఉడికినా బతికి, గుండిగ మెల్లగా చల్లారుతుండగా 45 డిగ్రీల దగ్గర పది నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. గుండిగ అడుగున గాలి అందని చోటు వాటికి సొంత ఇల్లు. తిన్న 8 నుంచి 16 గంటలకి కడుపునొప్పి, నీళ్ళ విరేచనాలు. పెళ్ళిళ్ళలో, కర్మలలో మిగిలింది రాత్రి పదకొండింటికి అనాథ పిల్లల హాస్టళ్ళకి పంపే మంచిమనసున్నవాళ్ళు ఇది తెలుసుకోవాలి. 2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో ఒక హాస్టల్లో బయటి నుంచి వచ్చిన తినుబండారాలు తిన్నాక ఏజెన్సీ నుంచి వచ్చి చదువుకుంటున్న గిరిజన పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇవ్వదలిస్తే వండిన రెండు గంటల్లోపు, వడ్డన మొదలవకముందే వాటా తీసి, చిన్న డబ్బాల్లో వేడివేడిగా పంపండి. విస్తళ్ళ దాకా వెళ్ళొచ్చిన గిన్నెల్లోది వద్దు. పుచ్చుకునే హాస్టలువాళ్ళు ఎప్పుడు వండారో అడగాలి. జవాబు తెలియకపోతే తిప్పి పంపే హక్కు వాళ్ళకుంది, బీద పిల్లలకి ఏదో ఒకటి అనే ఆలోచన తప్పు.

చవక సరుకులో నాకు అన్నిటికంటే భయం వేసేది ముడుచుకుపోయిన, బూజు పట్టిన వేరుశనగ గింజలు, మొక్కజొన్న. వాటి మీద పెరిగే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని చేస్తుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయిస్తే పూర్తిగా పోదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల్లో గిరిజన గ్రామాల వాళ్ళు వానకి తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. తినడానికి వేరే గింజ లేకే తిన్నారు. చట్నీ కోసం పగిలిన వేరుశనగ గుళ్ళు చవగ్గా వస్తున్నాయని కొనేవాళ్ళు రంగు మారినవి, ముడతలు పడినవి, చేదుగా తగిలినవి ఒక్కోటీ ఏరెయ్యాలి. పొడి కొట్టి అమ్మేదాంట్లో ఏరటానికేమీ ఉండదు, కాబట్టి పొడి కొనొద్దు.

పగిలిన గుడ్లు హోల్‌సేల్ కొట్ల దగ్గర తక్కువకి ఇస్తారు. ఆ పూటే, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి తింటే ఫరవాలేదు. రాత్రికి దాచినా, బండి మీద ముందే గిన్నెలో కొట్టి కలిపి ఉంచినా సాల్మొనెల్లా పెరగటానికి అంతకంటే మంచి చోటు ఉండదు. నూనె విషయంలో చట్టం 2018 జులై నుంచి ఒక హద్దు పెట్టింది, నూనె మళ్ళీ మళ్ళీ కాగితే పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదు. బండివాడి దగ్గర కొలిచే మీటరు ఉండదు కదా. నురుగు అణగకపోవటం, చిక్కబడటం, పొయ్యి పెట్టగానే పొగ రావటం గుర్తులు. బజ్జీల బండికి నేను చెప్పేది ఒకటే, చిన్న మూకుడు వాడండి. తక్కువ నూనె పోసి ఆ రోజుకి ఆ రోజే అయిపోయేలా చూసుకుంటే పాత నూనెలో కొత్త నూనె కలిపే అవసరమే రాదు. హోటళ్ళు వాడి అమ్మేసిన నల్ల నూనె ఎంత చవకైనా కొనొద్దు.

డబ్బాల సంగతి చాలామంది పట్టించుకోరు. 2013 జులైలో బీహార్ సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటకు వాడిన నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉంది, పురుగుమందుకు వాడిన డబ్బాలో ఆ నూనె పోసి ఉంటారని అధికారులు అనుమానించారు. పరవాడ, గాజువాక కంపెనీల నుంచి బయటికొచ్చే నీలం డ్రమ్ములు, పెయింటు బకెట్లు నీళ్ళకీ పచ్చళ్ళకీ వాడేవాళ్ళు లోపల ఏముండేదో తెలియనప్పుడు ఎంత కడిగినా సరే బట్టలుతకటానికే ఉంచుకోవాలి.

నీళ్ళు: మడ్డిగా ఉంటే నాలుగు మడతల గుడ్డతో వడకట్టి, 20 లీటర్ల బిందెకి అర గ్రాము క్లోరిన్ మాత్ర ఒకటి వేసి అరగంట ఆగాలి. లేదా తెర్లే దాకా కాచి ఒక నిమిషం మరగనివ్వాలి. గ్లాసు ముంచొద్దు, కాడ ఉన్న గరిటె వాడండి. గర్భిణులున్న ఇంట్లో ఇది ఒక్కరోజు కూడా మానకూడదు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఇ (E) అనే కాలేయ జబ్బు మామూలు మనుషులకి కామెర్లతో పోతుంది గానీ, నెలలు నిండేవాళ్ళలో ఐదుగురిలో ఒకరి దాకా ప్రాణం తీస్తుంది.

ఏజెన్సీ నుంచి నగరానికి పనికొచ్చేవాళ్ళ ద్వారా ఊళ్ళకి చేరాల్సిన మాట ఇంకొకటి. ఉన్నట్టుండి చచ్చిన మేకనో ఆవునో కొయ్యొద్దు, పంచుకోవద్దు. అరకు, పాడేరు వైపు ఆంత్రాక్స్ అలాగే వచ్చింది. తినటం కంటే తోలు తీసే చేతులకే ముందు అంటుకుంటుంది, నల్లటి పొక్కు లేస్తుంది. పశువుల డాక్టరుకి చెప్పి, కొయ్యకుండా, లోతుగా పాతిపెట్టాలి. మేక పోయిన ఇంటికి మాంసం కూడా పోవటం పెద్ద నష్టమే. పరిహారం అడగటానికి డాక్టరు రాసిన కాగితం దాచుకోవాలి.

విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్టు లేకపోయినా లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకి ప్రమాదం. ఆరు నెలలు దాటిన పిల్లలకి జింకు 20 మిల్లీగ్రాములు రోజూ 14 రోజులు, అంతకంటే చిన్నవాళ్ళకి 10. మలంలో రక్తం, మగత, ఆరు గంటలుగా మూత్రం రాకపోవటం కనిపిస్తే ఇంట్లో ఆగకుండా కేజీహెచ్‌కి (విశాఖ పెద్దాసుపత్రికి) తీసుకెళ్ళండి.

కొన్న సరుకు మీద అనుమానముంటే ఆహార భద్రత చట్టం 2006లో 40వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకి ఇస్తున్నానని కొనేటప్పుడే అమ్మినవాడికి చెప్పాలి. తేడా ఉందని తేలితే రుసుము తిరిగి ఇస్తారు. 65వ సెక్షన్ కింద కల్తీ తిండి వల్ల మనిషి చనిపోతే 5 లక్షలకు తగ్గకుండా, తీవ్రంగా దెబ్బతింటే 3 లక్షల దాకా, మామూలు హాని జరిగితే లక్ష దాకా పరిహారం ఉంది. దీనికి కావలసిన ఆధారం బీదవాళ్ళ ఇళ్ళలో మొదటిరోజే చెత్తలోకి పోతుంది. మిగిలిన తిండిని శుభ్రమైన మూత డబ్బాలో వేసి ఐసులో పెట్టండి. ఎప్పుడు తిన్నారు, ఎవరెవరు తిన్నారు, ఎన్ని గంటలకి మొదలైంది అన్నది ఒక కాగితం మీద రాసి డాక్టరుకి ఇవ్వండి. ప్యాకెట్టు కవరు దాచండి, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది.